కారు బాడీ నిర్మాణం: రేకు చేతిపని

చదునైన ఉక్కు రేకును గానీ అల్యూమినియం రేకును గానీ భారీ ప్రెస్సులూ డైలూ లేకుండా సుత్తి, దిమ్మ, ఇసుక సంచి, చక్రాల యంత్రం వంటి పనిముట్లతో మలిచి, అతికి కారు పైభాగాన్ని తయారుచేసే వృత్తి ఇది. ఇంగ్లండులో ఈ పని చేసే సంస్థలను కోచ్‌బిల్డర్లు అంటారు, ఇటలీలో కరోజ్జెరియా అంటారు. తెలుగునాట ఆటోనగర్ షెడ్లలో కొత్తగా కట్టే పని బాడీ బిల్డింగ్, సొట్టలు తీసి రేకు మార్చే పని టింకరింగ్.

కర్మాగారంలో ఒక్క బానెట్ తయారవ్వాలన్నా ఉక్కు డైల జత కావాలి. ఆ డైల ఖర్చును వేల కార్ల మీద పంచితే తప్ప గిట్టుబాటు కాదు. ఒకటో పదో కార్లు కావలసినచోట, కొత్త మోడల్‌కు తొలి నమూనా కట్టవలసినచోట, విడిభాగాలు ఎక్కడా దొరకని పాత కారును తిరిగి నిలబెట్టవలసినచోట చేతిపనే దారి. పనిముట్లు ఎన్ని ఉన్నా వాటి పని ప్రధానంగా రెండే: ఒకచోట రేకు విస్తీర్ణం పెంచడం, మరోచోట తగ్గించడం. ఆ రెండూ ఎక్కడ ఎంత జరగాలో రేకు ముట్టుకోకముందే చెప్పగలవాడే ఈ వృత్తిలో మేస్త్రీ.

చరిత్ర

కార్లకు ముందే ఐరోపాలో గుర్రపు బగ్గీలు కట్టే పెద్ద సంస్థలు ఉండేవి. లండన్‌లోని హూపర్ సంస్థ 1805లో మొదలైంది. మోటారు కార్లు వచ్చిన తొలి దశాబ్దాల్లో రోల్స్ రాయిస్ వంటి కంపెనీలు ఇంజనూ చక్రాలూ బిగించిన చాసీని మాత్రమే అమ్మేవి. కొన్నవారు దాన్ని తమకు నచ్చిన బాడీ సంస్థకు పంపి, కావలసిన రూపం చెప్పి కట్టించుకునేవారు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ పద్ధతికి మనకు దగ్గరలోని సాక్ష్యం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు చేసిన ఈ 1912 నాటి కారుకు లండన్‌లోని బార్కర్ సంస్థ బాడీ కట్టింది. వెనక భాగంలో సింహాసనం లాంటి ఎత్తయిన ఆసనం అమర్చారు. కారు చేరేలోపే, 1911లో, నిజాం మరణించారు.

ఆ రోజుల్లో బాడీకి అస్థిపంజరం కొయ్యే. యాష్ అనే గట్టి చెట్టు కలపతో చట్రం కట్టి, దాని మీద రేకులు పరిచి అంచుల దగ్గర మేకులు కొట్టేవారు. ఇంగ్లండులోని మాల్వర్న్ పట్టణంలో మోర్గన్ కంపెనీ ఇప్పటికీ యాష్ కలప చట్రాలనే వాడుతోంది.

ఈ వ్యవస్థను రెండు పరిణామాలు దెబ్బతీశాయి. అమెరికాలో ఎడ్వర్డ్ బడ్ 1912లో ఫిలడెల్ఫియాలో స్థాపించిన సంస్థ కొయ్య లేని ఉక్కు బాడీలను ప్రెస్సుల మీద తీసి డాడ్జ్ వంటి కంపెనీలకు అందించింది. తర్వాత బాడీయే చాసీగా పనిచేసే నిర్మాణం వచ్చింది. 1922 నాటి లాన్సియా లాంబ్డా, 1934 నాటి సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ దీనికి తొలి ప్రసిద్ధ ఉదాహరణలు. ఇందులో చాసీని వేరు చేసి అమ్మే వీలు లేదు, కాబట్టి దాని మీద వేరే బాడీ కట్టే అవకాశమూ లేదు. బ్రిటిష్ సంస్థలు ఒక్కొక్కటే కలిసిపోయాయి, కొన్ని మూతబడ్డాయి. రోల్స్ రాయిస్ 1939లో పార్క్ వార్డ్‌నూ, 1959లో హెచ్.జె. మలినర్‌నూ కొని 1961లో రెండింటినీ ఒకటి చేసింది. హూపర్ బాడీలు కట్టడం 1959లో ఆగిపోయింది.

ఇటలీ కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేతిపని అక్కడ ఉచ్చదశకు చేరింది. మిలాన్‌లో 1919 నుంచి జగాటో, 1926 నుంచి టూరింగ్; ట్యూరిన్‌లో 1912 నుంచి బెర్టోనే, 1930 నుంచి పినిన్‌ఫరీనా పనిచేస్తూ వచ్చాయి. టూరింగ్ సంస్థ 1930ల నడుమ సూపర్‌లెగేరా పద్ధతిని తెచ్చింది. సన్నని ఉక్కు గొట్టాలతో బాడీ ఆకారాన్ని అల్లి, దాని మీద అల్యూమినియం రేకులు తొడగడం ఇందులో విశేషం. బరువు బాగా తగ్గింది. బ్రిటన్‌లో ఆస్టన్ మార్టిన్ 1958 నాటి డీబీ 4 కోసం ఈ పద్ధతికి లైసెన్సు తీసుకుంది. పినిన్‌ఫరీనా రూపొందించిన 1947 నాటి సిసిటాలియా 202 అల్యూమినియం బాడీ 1951లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ప్రదర్శనలో చోటు పొందింది, తర్వాత అక్కడి శాశ్వత సేకరణలో చేరింది. మోడెనాలో సెర్జియో స్కాలియెట్టి షెడ్డు ఫెరారీ రేసు కార్లకు బాడీలు కట్టేది. 1962–64 మధ్య తయారైన 36 ఫెరారీ 250 జీటీఓల బాడీలు అక్కడివే. చేత్తో కొట్టినవి కావడంతో వాటిలో ఏ రెండూ అచ్చంగా ఒక్కలా ఉండవు.

అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, 1940ల నుంచి మరో శాఖ పెరిగింది. ఇక్కడ కొత్త బాడీ కట్టరు. కంపెనీ కారునే కోసి, తగ్గించి, కొత్త రూపం ఇస్తారు. జార్జ్ బారిస్ షెడ్డులో 1952లో రూపుమారిన 1951 మోడల్ మెర్క్యురీ ఈ శాఖకు ప్రమాణంగా నిలిచింది. 1966 నాటి టెలివిజన్ బ్యాట్‌మొబైల్‌కు ఆధారమైన లింకన్ ఫ్యూచురా ప్రదర్శన కారును ట్యూరిన్‌లోని గియా సంస్థ చేత్తో కట్టింది. దాన్ని బ్యాట్‌మొబైల్‌గా మార్చింది బారిస్.

లోహం

ఉక్కు రేకు సాధారణంగా 0.8 నుంచి 1.2 మి.మీ. మందంలో వాడతారు. మెత్తని, కార్బన్ తక్కువ ఉన్న రకం కావాలి. షెడ్లలో గేజి లెక్కన అడుగుతారు: 20 గేజి అంటే దాదాపు 0.9 మి.మీ., 18 గేజి అంటే 1.2 మి.మీ. గేజి సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. అల్యూమినియం అయితే 1.2 నుంచి 1.6 మి.మీ. వరకూ తీసుకుంటారు. చదరపు మీటరు 0.9 మి.మీ. ఉక్కు రేకు ఏడు కిలోలు తూగితే, అంతే వైశాల్యమున్న 1.5 మి.మీ. అల్యూమినియం రేకు నాలుగు కిలోలే తూగుతుంది. మందం ఎక్కువైనా బరువు తక్కువ కావడమే రేసు కార్లకు అల్యూమినియం నచ్చడానికి కారణం.

దెబ్బ తగిలేకొద్దీ రెండు లోహాలూ గట్టిపడతాయి. ఒక హద్దు దాటాక సాగవు, చిట్లిపోతాయి. అప్పుడు కాల్చి మెత్తబరచాలి. ఉక్కు ఎర్రబడుతుంది కాబట్టి కంటికి తెలుస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది, అప్పటిదాకా రంగు మారదు. మెత్తబడేది 350–400 డిగ్రీల ప్రాంతంలో. ఈ చిక్కుకు మేస్త్రీలు కనిపెట్టిన ఉపాయం గమనించదగ్గది. ముందు ఆక్సిజన్ కట్టేసి ఎసిటిలీన్ ఒక్కటే వెలిగిస్తే పొగ మంట వస్తుంది. దానితో రేకంతా నల్లగా మసి పట్టిస్తారు. తర్వాత ఆక్సిజన్ తెరిచి మెత్తని మంటతో ఆ మసి సరిగ్గా మాయమయ్యేదాకా కాల్చి, అక్కడితో ఆపేస్తారు. మసి పోయిన తర్వాత కూడా మంట ఒకేచోట నిలిపితే రేకుకు రంధ్రం పడుతుంది.

రేకు జింకు పూసినదైతే కాల్చే ముందు, వెల్డింగు చేసే ముందు ఆ పూత తీసెయ్యాలి. జింకు పొగ పీల్చినవారికి ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది.

ఆకృతి సూత్రం

వంపులు రెండు రకాలు. ఒకే దిశలో ఉండే వంపుకు రేకును గొట్టం మీద వంచితే చాలు, విస్తీర్ణం మారదు. రెండు దిశల్లోనూ వంపు ఉన్నప్పుడే అసలు పని మొదలవుతుంది. కారు మడ్‌గార్డు, రూఫ్ మూలలు, హెడ్‌లైటు చుట్టూ ఉండే భాగం అన్నీ ఈ కోవలోవే.

లెక్క చూస్తే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. 300 మి.మీ. వ్యాసమున్న గుండ్రని రేకును అంచు కదలకుండా 50 మి.మీ. లోతు వచ్చేలా గోళాకారంగా మలిచామనుకుందాం. నడిమి గీత పొడవు 300 నుంచి దాదాపు 322 మి.మీ. అవుతుంది. మొత్తం వైశాల్యం 11 శాతం పెరుగుతుంది. ఈ పెరుగుదలంతా సాగదీయడం వల్లే రావాలంటే 1.2 మి.మీ. రేకు సగటున 1.08 మి.మీ.కి పలచబడాలి. నడుమ ఇంకా ఎక్కువ పలచబడుతుంది. అదే రూపాన్ని అంచు కుదించి తెచ్చుకుంటే నడుమ మందం దాదాపు అలాగే నిలుస్తుంది, అంచు కొంచెం దళసరి అవుతుంది. అందుకే లోతైన భాగాలకు అనుభవజ్ఞులు ముందు అంచు కుదించి, మిగిలినదే సాగదీస్తారు. ఎంతసేపూ నడుమ కొట్టి లోతు తెచ్చుకునేవారి పనిలో పగుళ్లు రావడానికి ప్రధాన కారణం ఇదే.

గుర్రపు జీను ఆకారంలో, ఒక దిశలో ఎత్తుగా మరో దిశలో పల్లంగా ఉండే వంపుకు లెక్క తిరగబడుతుంది: అంచులు సాగాలి, నడుమ అలాగే ఉండాలి. మడ్‌గార్డు తలుపు భాగంలో కలిసేచోట ఈ వంపు వస్తుంది. నేర్చుకునేవారికి అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

పనిముట్లు

కుదించడానికి పాత పద్ధతి మడత వేయడం. రెండు కొమ్ముల కడ్డీతో రేకు అంచులో చిన్న మడత లేపి, మడత కొసను ముందుగా మూసి, ఆ గుబ్బను కొయ్య సుత్తితో అణచాలి. బయటికి జారే దారి లేక లోహం తనలోకే ఇమిడిపోయి దళసరి అవుతుంది. ఇదే పనిని దవడల యంత్రంతోనూ చేస్తారు. పూర్తయిన రేకులో నడుమ ఎక్కడో ఉబ్బు మిగిలితే, చిన్న చుక్కంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ సుత్తితో తట్టి, తడి గుడ్డతో చల్లార్చితే ముడుచుకుంటుంది.

సాగదీయడానికి తోలు ఇసుక సంచి, గుంట తీసిన చెట్టు మొద్దు, గుండ్రటి తలల ఉక్కు దిమ్మలు వాడతారు. మొదటి దెబ్బలతో రేకు గుంటలు గుంటలుగా తయారవుతుంది. వాటిని నునుపు చేసేది ఇంగ్లిష్ వీల్. పెద్ద ఇనుప చట్రంలో పైన చదునైన చక్రం, కింద కొద్దిపాటి వంపున్న చిన్న చక్రం ఉంటాయి. రేకును రెంటి మధ్య పెట్టి ముందుకూ వెనక్కూ, గీత పక్కన గీత పడేలా నడపాలి. కింది స్క్రూ తిప్పితే ఒత్తిడి మారుతుంది. ప్రతి గీత వెంటా రేకు కొద్ది కొద్దిగా సాగుతుంది, గుంటలు పోతాయి, వంపు పెరుగుతుంది. ఒత్తిడి మితిమీరితే చక్రాల గీతలు రేకు మీద శాశ్వతంగా ఉండిపోతాయి.

చేతిలో పట్టుకునే ఉక్కు ముద్దను డాలీ అంటారు. రేకు వెనక డాలీ ఆనించి ముందు నుంచి సుత్తితో కొడితే, రెంటి మధ్య చిక్కిన లోహం సాగుతుంది. డాలీని దెబ్బ పడే చోటు నుంచి కాస్త పక్కకు జరిపి కొడితే సాగదు, ఎత్తు దిగి పక్కనున్న పల్లం పైకి లేస్తుంది. సొట్టలు తీసే టింకర్ మేస్త్రీ రోజంతా చేసేది ఈ రెండు దెబ్బల మధ్య మార్పిడే.

నిర్మాణ క్రమం: ఒక మడ్‌గార్డు

మొదట మూస కావాలి. ప్లైవుడ్ పలకలను కారు అడ్డుకోతల ఆకారంలో కోసి, సమాన దూరాల్లో నిలబెట్టి బిగిస్తారు. దీన్ని బక్ అంటారు. ఇప్పుడు పాత కారును స్కాన్ చేసి కంప్యూటరుతో పలకలు కోయిస్తున్నారు. ఇనుప కమ్మీలతో అల్లిన మూసలూ ఉన్నాయి. బక్ మీద రేకును కొట్టరు. అది రేకు ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ వెలితి ఉందో చూసుకునే కొలబద్ద మాత్రమే.

తర్వాత మూస మీద దళసరి కాగితం పరుస్తారు. చేత్తో అదిమినప్పుడు కాగితం ముడతలు పడ్డచోట లోహం కుదించాలి. కాగితం బిగిసి ఆననిచోట బ్లేడుతో చీలిస్తే చీలిక విచ్చుకుంటుంది, అక్కడ లోహం సాగాలి. ముడత ఎంత లోతుందో, చీలిక ఎంత వెడల్పుందో కాగితం మీదే రాసుకుంటారు. మొత్తం వృత్తిలో ఇంత చవకైనదీ, ఇంత సమాచారమిచ్చేదీ మరో పనిముట్టు లేదు.

అతుకులు ఎక్కడ రావాలో కూడా కాగితమే చెబుతుంది. మడ్‌గార్డంతా ఒకే రేకులో తీయడం గొప్పగా కనిపించినా, మూడు ముక్కలుగా చేసి అతికితే ప్రతి ముక్కా తేలికవుతుంది. అతుకు వంపు మరీ ఎక్కువున్నచోట రాకూడదు. లోపలి నుంచి డాలీ, బయటి నుంచి సుత్తి రెండూ అందేచోట రావాలి.

కాగితం కొలతకు చుట్టూ 20–25 మి.మీ. అదనంగా వదిలి రేకు కోస్తారు. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేయకపోతే సాగేటప్పుడు అక్కడి నుంచే చీలుతుంది. అంచు కుదించడం, ఇసుక సంచి మీద కొట్టడం, చక్రం మీద నడపడం, మూస మీద పెట్టి చూడడం, మళ్లీ మొదటికి రావడం: ఇలా ఎన్నో మార్లు తిరుగుతుంది. వదులుగా చేతిలో పట్టుకుంటే తనంతట తానే మూస ఆకారంలో నిలిచే రేకును పూర్తయినదిగా లెక్కిస్తారు. బలవంతంగా నొక్కిపెట్టి అతికిన రేకు, బిగింపులు తీశాక మళ్లీ మెలిపడుతుంది.

చివరగా కింది అంచు. పాత కార్ల మడ్‌గార్డులకు బకెట్ అంచులో లాగే ఇనుప కమ్మీ పెట్టి రేకు చుట్టేవారు. దీనికి కమ్మీ వ్యాసానికి రెండున్నర రెట్లు రేకు అదనంగా ఉంచుకోవాలి. 5 మి.మీ. కమ్మీకి 12.5 మి.మీ. అన్నమాట.

అతుకు, మెరుగు

ఉక్కు ముక్కలను దాదాపు 25 మి.మీ.కు ఒక చుక్క చొప్పున ముందు టాకా వేసి, తర్వాత గ్యాస్ లేదా టిగ్ వెల్డింగుతో కలుపుతారు. చల్లారేటప్పుడు అతుకు కుదించుకుని రేకును లాగుతుంది. దాన్ని డాలీ మీద సుత్తితో తట్టి మళ్లీ సాగదీస్తేనే ఆకారం నిలబడుతుంది. గ్యాస్ అతుకు మెత్తగా ఉండి దీనికి లొంగుతుంది. మిగ్ వెల్డింగు అతుకు గట్టిగా ఉండి చిట్లుతుంది. అందుకే వేగంగా అయ్యే పనైనా బయటికి కనిపించే రేకులకు చాలామంది మిగ్ వాడరు (చూ. వెల్డింగ్).

అతకడం కష్టమైన లోహాలు ఒక్కోసారి రూపాన్నే మారుస్తాయి. 1935లో బుగాటి ప్రదర్శించిన ఏరోలిత్ కారు బాడీ మెగ్నీషియం మిశ్రలోహంతో చేసినది. మంటకు అంటుకునే ఆ లోహాన్ని వెల్డింగు చేయడం కష్టం. కాబట్టి రేకుల అంచులను బయటికి మడిచి రివెట్లు కొట్టారు. ఆ వెన్నెముక గీత అందంగా కుదిరింది. తర్వాత వచ్చిన నాలుగు అట్లాంటిక్ కార్ల బాడీలు అల్యూమినియంవే అయినా, గీతనూ రివెట్లనూ అలాగే ఉంచారు.

వెల్డింగు అయ్యాక రేకు మీద ఆకురాయి నడిపితే ఎత్తులు మెరుస్తాయి, పల్లాలు మసకగా మిగులుతాయి. పల్లాన్ని వెనక నుంచి మొనదేలిన సుత్తితో తట్టి లేపుతారు. ఒకప్పుడు మిగిలిన వెలితిని సీసం–తగరం మిశ్రమం కరిగించి నింపేవారు. ఇప్పుడు ఎక్కువగా పుట్టీ వాడుతున్నారు. పుట్టీ పల్చగా ఉన్నంతవరకూ తప్పు లేదు. కానీ రేకు పనిలోని లోటును దాచడానికి దళసరిగా పూస్తే కొన్నేళ్లలో పగిలి, లోపల తుప్పు పడుతుంది. సీసాన్ని మెరుగు మిషనుతో గీస్తే విషపు ధూళి లేస్తుంది కాబట్టి ఆకురాయితోనే తీయాలి.

రకాలు

కొయ్య చట్రం మీద రేకు, గొట్టాల అల్లిక మీద రేకు, పూర్తి లోహ నిర్మాణం, ఉన్న బాడీని మార్చడం: నిర్మాణాన్ని బట్టి ఈ నాలుగు విభాగాలు చేస్తారు. చివరిదానిలో రూఫ్ పిల్లర్లు కోసి ఎత్తు తగ్గించడం, బాడీ నడుమ నుంచి అడ్డంగా పట్టీ తీసేయడం, బాడీని చాసీ మీదికి ఇంకా కిందికి దించడం ప్రసిద్ధమైనవి. రూఫ్ తగ్గించడం చూపులకు తేలిక. కానీ పిల్లర్లు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి కాబట్టి, కోశాక పైదీ కిందిదీ కలవవు. రూఫ్‌ను పొడవునా చీల్చి వెడల్పు చేయవలసి వస్తుంది.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

భారతదేశంలో ఈ విద్య కార్లకన్నా లారీలు, బస్సుల మీదే బతికింది. ట్రక్కు కంపెనీల నుంచి చాసీ మాత్రమే కొని బాడీ కట్టించుకోవడం ఇక్కడ మామూలు. తమిళనాడులో కరూర్ బస్సు బాడీలకు, నామక్కల్ లారీ బాడీలకు పేరుపడ్డాయి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్లు, టింకరింగ్, వెల్డింగ్, పెయింటు పనులు ఒకేచోట దొరుకుతాయి. ఆర్టీసీకి హైదరాబాద్ మియాపూర్‌లో సొంత బస్ బాడీ యూనిట్ ఏర్పడింది. హర్యానాలోని మండీ డబ్వాలీ షెడ్లు జీపు బాడీలను రేకు నుంచి కొత్తగా కట్టడంలో ప్రసిద్ధి.

కార్ల విషయంలో ప్రత్యేకంగా చెప్పవలసింది హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం. సుధాకర్ యాదవ్ తాను కట్టిన వాహనాలతో 2010లో దీన్ని తెరిచారు. బూటు, కెమెరా, బర్గర్ వంటి ఆకారాల్లో ఉన్న ఈ బండ్లు నడుస్తాయి కూడా. అంతకుముందు 2005లో ఆయన కట్టిన మూడు చక్రాల సైకిలుకు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ గుర్తింపు వచ్చింది.

రేకును కొట్టి రూపం తేవడం తెలుగు నేల మీద కార్లకన్నా ఎంతో పాతది. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పని కాకతీయుల కాలం నాటిదని చెబుతారు (చూ. పెంబర్తి లోహకళ). అక్కడా కాల్చి మెత్తబరచడం, కొట్టడం, మళ్లీ కాల్చడం అనే వరసే ఉంది.

చట్టం, భద్రత

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. కాబట్టి రోడ్డు మీద తిరిగే కారు బాడీని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. బస్సు బాడీలకు ఏఐఎస్–052, ట్రక్కు క్యాబిన్లకు, బాడీలకు ఏఐఎస్–093 ప్రమాణాలున్నాయి. నియమం వెనక ఇంజనీరింగు కారణం ఉంది. నేటి కార్లలో రూఫ్, పిల్లర్లు, తలుపుల కింది పట్టీలే బరువు మోస్తాయి, గుద్దుకున్నప్పుడు దెబ్బను పంచుకుంటాయి. విడి చాసీ ఉన్న పాత కారులో పిల్లరు కోసి తిరిగి అతకడం వేరు, ఈ కార్లలో కోయడం వేరు.

వర్తమాన స్థితి

రోల్స్ రాయిస్ 2017లో స్వెప్‌టెయిల్, 2021లో బోట్ టెయిల్ పేరుతో ఒక్కొక్క కొనుగోలుదారు కోసం మళ్లీ బాడీలు కట్టించింది. బోట్ టెయిల్ అల్యూమినియం రేకులు చేత్తో కొట్టి తీసినవి. పోలండ్‌లోని మియెలెట్స్‌లో, ఒకప్పుడు మిగ్ విమానాలు తయారైన కర్మాగారంలో, అమెరికా సంస్థ కిర్క్‌హామ్ కోసం కోబ్రా కార్ల అల్యూమినియం బాడీలు చేత్తో తయారవుతున్నాయి. స్కానింగ్ వచ్చాక మూసల తయారీ సులువైంది. కానీ మూసకు అనుగుణంగా రేకును మలిచే భాగం మారలేదు. దాన్ని నేర్చుకునే పద్ధతి ఇప్పటికీ షెడ్డులో పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి చేయడమే. మన ఆటోనగర్లలో చాలామంది టింకర్ మేస్త్రీలకు ఈ చేతివాటం ఉన్నా, దాన్ని రాసి పెట్టిన తెలుగు పాఠ్యగ్రంథాలు అరుదు.